విమానం మీద పేరు

మంచిర్యాలలో కొత్తగా కడుతున్న మ్యూజియం కోసం, పాత యుద్ధవిమానానికి రంగులు వేస్తున్నాడు విజయేందర్. పెళ్లయి నలభై రోజులే. ఆ రాత్రి వేడివేడి సర్వపిండి డబ్బాలో పెట్టుకొని షెడ్డుకు వచ్చిన భార్య జ్యోతిరాణి, కాక్‌పిట్ కింద వదిలేసిన ఖాళీని చూసింది.

"గీడేం రాస్తవ్?"

"నడిపేటోళ్ల పేరు."

"అయితే నాదే రాయి జర. ఆటోల మీద పెండ్లాల పేర్లు రాస్కుంటరు సూడు, గట్ల!"

అతనికి నవ్వాగలేదు. తర్వాత థిన్నర్‌తో తుడిచేయొచ్చని, నిచ్చెనెక్కి తెల్లరంగుతో ముద్దుగా ఆమె పేరు రాసి దిగాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

చప్పట్లు ఆగాక, కాక్‌పిట్ లోపల టక్కుమని చిన్న చప్పుడైంది. దాని మూత బోల్టులన్నీ మధ్యాహ్నం అతనే బిగించాడు. మళ్లీ టక్. లోపలి నుంచి ఎవరో గోటితో అద్దాన్ని ఓపికగా తడుతున్నట్టు.

విజయేందర్ గబగబా ఎక్కి, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో ఆ పేరును రుద్దాడు. ఇంకా ఆరని రంగు. అయినా గుడ్డకు చుక్క అంటలేదు. గుడ్డ పడేసి కిందికి దిగాడు.

"జ్యోతీ, పా, ఇంటికి పోదాం."

లోపలి చప్పుడు ఆగిపోయింది.

"ఆ, వస్తున్న," అంది జ్యోతి ఎంతో ప్రేమగా.

ఆమె అతనివైపు చూడలేదు. ఒక కాలు అప్పటికే నిచ్చెన మీద ఉంది.