ఒక్కటే ప్లేటు

మినీబస్సు హాఫ్ వే ట్రీ కూడలి దాటుతూ కొత్త పాట అందుకోగానే రాన్స్‌ఫర్డ్ సీట్లోంచి దిగ్గున లేచాడు. తల పైకప్పుకు కొట్టుకుంది. అదీ పట్టించుకోలేదు.

“ఈ పాట ఎక్కడిదిరా?” అని కండక్టర్ మీద విరుచుకుపడ్డాడు.

“సెప్టిమస్‌ది పెద్దాయనా. కుర్రతనం నుంచి ఇప్పటిదాకా పాడినవన్నీ కలిపి ఒక్కచోట వేశారు. ఊరంతా ఇదే మోత. నువ్వు ఏ గుహలో ఉన్నావు?”

బస్సంతా నవ్వింది. రాన్స్‌ఫర్డ్ ఆపమని అరిచి అక్కడే దిగిపోయాడు.

మోగడానికి వీల్లేని పాట అది. కింగ్‌స్టన్ మొత్తమ్మీద ఆ పాట ఉన్నది ఒక్కడి దగ్గరే, ‘నెబో సౌండ్’ నడిపే రాన్స్‌ఫర్డ్ దగ్గర. వీధి డాన్సుల్లో పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు పేర్చి, పాటలు మోగించే సౌండ్ బృందాలు ఒకదానితో ఒకటి తలపడే రోజుల్లో, ప్రాణస్నేహితుడు సెప్టిమస్ ఆ పాట పాడి, ఒకే ఒక్క గ్రామఫోను ప్లేటు కోయించి, స్టూడియో గేటు దగ్గర అతని చేతిలో పెట్టాడు.

“ఇంకో సౌండ్‌కి ఇవ్వను, ఒట్టు. ఈ శనివారమే మోగించు,” అన్నాడు.

చేతికందగానే రాన్స్‌ఫర్డ్ జేబులోంచి నాణెం తీసి, లేబుల్ మీద రాసిందంతా బరబరా గీకేశాడు. సౌండ్ నడిపేవాడెవడైనా చేసే పనే అది. పోటీవాడి కంట్లో ఒక్క అక్షరం పడిందా, మర్నాటికల్లా పాట గుట్టు లాగేస్తాడు.

“కనీసం చదివి గీకు,” అంది పక్కనున్న డల్సీ. అప్పటికింకా కాబోయే పెళ్ళాం.

“నాకే తెలియనిది రమ్ము కూడా నా చేత కక్కించలేదు,” అని పకపకా నవ్వాడు.

ఈ శనివారమే అంటే మాత్రం వింటాడా? అంత మంచి సరుకును మామూలు డాన్సులో పారబోస్తాడా? దాచి దాచి, పెళ్ళి హడావిడి అయ్యాక, పెద్ద పోటీలో వదిలాడు. ‘ఓడ ఇంకా రేవులోనే ఉంది, తిరిగి రా’ అంటూ సెప్టిమస్ గొంతు గుండెలు పిండేసింది. తాతముత్తాతల్ని బానిసలుగా ఓడలెక్కించిన నేల, ఆఫ్రికా తల్లే పిలుస్తోందని జనం చేతులెత్తి ఏడ్చారు. అవతలి సౌండ్‌వాడు ఓటమి ఒప్పుకుని తీగలు చుట్టుకున్నాడు.

ఆనాటి నుంచి నలభై ఏళ్ళు రాన్స్‌ఫర్డ్ పరువంతా ఆ ప్లేటే. డాన్సు గేటు దగ్గర చేపలు వేయించి అమ్మే డల్సీ కూడా ఆ పాట వస్తే మూకుడు దించేసి నిలబడిపోయేది. పెళ్ళానికి తన ప్లేటంటే ఎంత గర్వమో అని మురిసిపోయేవాడు.

ఆగస్ట్ టౌన్ పేటలో సెప్టిమస్ తన వాకిట్లో కూర్చుని గంజి తాగుతున్నాడు. నెరిసిన జడలు ఒళ్ళో పడి ఉన్నాయి.

“ద్రోహీ! నా ఒక్కడికే అన్నావు కదరా! ఇవాళ కొబ్బరిబోండాల్లా రోడ్డు మీద పోసి అమ్ముతావా?”

“ఒక్కటే కోయించాను రాన్స్. టేపు స్టూడియోతో పాటే తగలబడింది. ఆ మంటలు నువ్వూ చూశావు.”

“మరి ఇది ఆకాశంలోంచి ఊడిపడిందా?”

సెప్టిమస్ పాట పెట్టాడు. రెండో చరణం చివర ‘టక్’ మంది. ఎప్పుడో ఒక తాగుబోతు డామినో బిళ్ళను బల్ల మీద కొట్టిన ఊపుకి సూది ఎగిరి పడిన గీత అది. ఆ గీత రాన్స్‌ఫర్డ్ ప్లేటుకే ఉంది.

అతను మొల తడుముకున్నాడు. ప్లేటుండేది మంచం కింద పెట్టెలో. తాళంచెవులు రెండు. ఒకటి తన మొలకు ఉంది.

“ఎవరు తెచ్చిచ్చారు?”

“ఇంటికెళ్ళి అడుగు,” అన్నాడు సెప్టిమస్, తల దించుకుని.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రాన్స్‌ఫర్డ్ పట్టుకున్నాడు. పట్టుకుని ఏం లాభం? స్నేహితుడు మోసం చేస్తే వాకిట్లో నిలబడి తిట్టి రావచ్చు. పక్కలో పడుకునే మనిషి చేస్తే ఎవరి వాకిట్లో నిలబడాలి? దారంతా కళ్ళు తుడుచుకుంటూనే నడిచాడు.

డల్సీ పెరట్లో చేపలకు పొలుసు గీస్తోంది.

“నా పెట్టె ఎవరు తీశారే?”

“నేనే.” తలెత్తలేదు.

“సెప్టిమస్ అడిగాడా?”

“అడగలేదు. జీవితమంతా పాడినవి ఒక్కచోట చేరుస్తున్నాడని విన్నాను. అదొక్కటీ లేకపోతే ఎలా అని అనిపించింది. పట్టుకెళ్ళి ఇచ్చాను, మళ్ళీ తెచ్చి పెట్టెలో పెట్టేశాను.”

“చెప్పకుండా!”

“చెబితే ఇచ్చేవాడివా?”

“అది నాదే డల్సీ! నా కోసం పాడాడు! కన్నబిడ్డలా కాపాడుకున్నాను. నలుగురిలో నవ్వులపాలు చేశావు. అసలు ఆ పాట తీసి ఇవ్వడానికి నువ్వెవరివి?”

డల్సీ కత్తి పక్కన పెట్టింది. తొట్టిలో చేతులు కడుక్కుని, గౌను అంచుకి తుడుచుకుని, అప్పుడు తలెత్తి అతని మొహంలోకి చూసింది.

“ఆ రోజు స్టూడియో గేటు దగ్గర నువ్వు నాణెంతో గీకేసింది పాట పేరు కాదు రాన్స్, నా పేరు.”