మర్యాదకే వెనకాల

ముందు పోతున్న కొత్త బండిని చూస్తుంటే చంద్రరావుకు ఒళ్లు మండిపోతోంది.

"బండా అది? తెల్లగా, నున్నగా, చక్రాలు తగిలించిన ఫ్రిజ్జులా ఉంది."

రెండు చేతులా స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లో గ్రీజు నల్లగా అంటుకుపోయింది. పక్క సీట్లో భార్య జ్ఞానమ్మ ఒళ్లో టిఫిన్ క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. జీపు వెనక తొట్టిలో రొయ్యల ట్రేలు, వాటి మీద ఐసు, ఐసు మీద తడిపిన గోనెలు.

ముందున్న బండి విజయ్ పాల్‌ది. పక్క రొయ్యల చెరువు అతనే చేస్తున్నాడు. చర్చిలోనూ పక్క బెంచీయే. చంద్రరావుని బాబాయ్ అంటాడు. మొన్న క్రిస్మస్‌కి ముందు కొన్నాడు బండి. అతని ట్రేలతోనే అది నిండిపోయింది, ఇంకోటి పెట్టడానికి చోటు లేదు. ఇద్దరి సరుకూ వెళ్లేది భీమవరంలో రొయ్యలు కొనే ఒకే షెడ్డుకి.

పొద్దున్న గట్టు మీద ట్రేలు ఎక్కిస్తూ జ్ఞానమ్మ ఒక మాట తేల్చేసింది.

"ఈవేళ ఐసు కరక్కుండా సరుకు చేర్చండి, ఇంక మీ జీపు జోలికి రాను. చేరలేదా, రేపే పాత ఇనప కొట్టుకి. అందరిలాగే మనమూ ఒక కొత్తది తెచ్చుకుందాం."

పెళ్లయిన ఏడు కొన్న జీపు అది. తర్వాత వెనక సగం కోయించి తొట్టి చేయించాడు. పాత ఇనప కొట్టు మాట చెవిన పడ్డాక చంద్రరావుకు టీ కూడా దిగలేదు.

ఇప్పుడు విజయ్ పాల్ బండిని వదలకుండా వెనకాలే వస్తున్నాడు. మధ్యలో దూరం పెరగడం లేదు, తగ్గనివ్వడం లేదు. అది నెమ్మదిస్తే చాలు, ఇతని కాలు బ్రేకు మీదికి పోతోంది.

"వెనక్కి చూడ్డానికి కెమెరా అంట. మరి దేవుడు మెడ ఎందుకిచ్చినట్టు? బెల్టు పెట్టుకోకపోతే కుయ్ కుయ్‌మని ఏడుస్తుందంట. బండా, చంటిపిల్లా?"

జ్ఞానమ్మ ఒళ్లో క్యారేజీ సర్దుకుంది.

"అద్దాలెత్తుకుని ఏసీలో కూర్చున్నాడు చూడు. రోజంతా చెరువులో నానేవాడికి ఏసీ ఏంటే? బంపరేమో ప్లాస్టిక్కు. మేకపిల్ల గుద్దితే ఊడొచ్చేద్ది. ఏదన్నా పాడైతే లాప్‌టాప్ పెట్టి చూడాలంట, కడుపునొప్పికి స్కానింగ్ రాసినట్టు. మన జీపుకి ఏం కావాలి? ఒక స్పానరు, ఒక సుత్తి."

"సుత్తి పిడి పొద్దున్న విరిగిందిగా," అంది జ్ఞానమ్మ.

చంద్రరావు విననట్టు మీసం సర్దుకున్నాడు.

ఫోను మోగింది. విజయ్ పాల్. జ్ఞానమ్మ స్పీకరు నొక్కి పట్టుకుంది.

"బాబాయ్, ముందు స్పీడ్ బ్రేకరుందండి. కాస్త చూసుకోండి."

"నేనీ రోడ్డు మీద తిరిగేటప్పటికి నువ్వు పాలు తాగుతున్నావురా. నీ బండి సంగతి నువ్వు చూసుకో."

"ఆయ్," అన్నాడు విజయ్ పాల్.

స్పీడ్ బ్రేకరు మీద కొత్త బండి మెత్తగా లేచి దిగింది. జీపు దడదడలాడింది. జ్ఞానమ్మ క్యారేజీ మూత గట్టిగా పట్టుకుంది.

"దాని దుమ్మంతా మన మొహానే," అంది.

"ఓర్చుకో."

"పోనీ, దాటేయండి."

"దాటలేకనా? వయసులో చిన్నోడు. చిన్నబుచ్చుకుంటాడు. మర్యాద ఉండాలి కదా మనకి."

జ్ఞానమ్మ మొహం కాలవ వైపు తిప్పేసుకుంది. భుజాలు రెండుసార్లు కదిలాయి.

"వరదకి మన లంకలోకి నీళ్లొచ్చిన ఏడు వీధి వీధినంతా గట్టెక్కించింది ఈ జీపు. మరిచిపోయావా? దీనికి నాలుగు చక్రాలూ లాగుతాయి. దానికి వెనకవి రెండే. లాగడం అంటే ఏంటో తెలుసా ఆ ఫ్రిజ్జుకి?"

"తెలిసే ఉంటుంది లెండి."

ఉండి సెంటరు వచ్చింది. టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటే చూశారు. ఒకాయన వేలు చూపించాడు. అందరూ గొల్లున నవ్వారు.

"చూశావా, ఆ కొత్త బండిని చూసి జనం ఎలా నవ్వుతున్నారో," అన్నాడు చంద్రరావు.

"చూశాను," అని జ్ఞానమ్మ చీర కొంగు నెత్తి మీంచి మొహం మీదికి లాక్కుంది.

సెంటరు దాటాక, కొబ్బరి బోండాల సైకిలాయన రెండు బండ్ల మధ్యలోంచి అవతలికి పోబోయాడు. చంద్రరావు కిటికీలోంచి తల బయటపెట్టి కసిరాడు. సైకిలాయన ఠక్కున ఆగి, కిందికోసారి, పైకోసారి చూసి, రెండు బండ్లనీ పోనిచ్చాడు.

ఎండ ముదిరింది. గోనెల అంచుల నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా కారడం మొదలెట్టాయి. చంద్రరావు మాటలు తగ్గించాడు. మెడ సాచి ముందుకే చూస్తున్నాడు. ఐసు కరిగి రొయ్య తల రంగు మారిందంటే షెడ్డువాళ్లు చెయ్యి కూడా పెట్టరు. అప్పుడు సరుకూ పోతుంది, జీపూ పోతుంది.

"కానీరా, కానీ," అని లోలోపల గొణుక్కున్నాడు. ఎవర్ని బతిమాలుతున్నాడో జ్ఞానమ్మ అడగలేదు.

భీమవరం వచ్చింది. షెడ్డు గేటులోకి కొత్త బండి తిరిగింది. వెనకే జీపూ తిరిగింది. షెడ్డు మనిషి వచ్చి గోనె ఎత్తి, చెయ్యి పెట్టి చూసి, బాగుందన్నట్టు తలూపాడు.

చంద్రరావు ఊపిరి వదిలాడు. కిందికి దిగి, పంచె దులుపుకుని, బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

"చేరిందా, లేదా?"

"చేరింది," అంది జ్ఞానమ్మ.

"ఐసో?"

"ఉంది."

"మరి ఇంక జీపు మాట ఎత్తకూడదు. ఆ ఫ్రిజ్జుల పేరు మనింట్లో వినపడకూడదు."

జ్ఞానమ్మ నోరు తెరిచేలోపు విజయ్ పాల్ దిగి వెనక్కి వచ్చి, తన బండి కొక్కేనికీ బాబాయి జీపు బంపరుకీ మధ్య బిగించిన తాడు విప్పి, చుట్ట చుట్టి భుజాన వేసుకుంటూ, "తిరిగెళ్లేటప్పుడు కూడా ఇలాగే కట్టమంటారా, బాబాయ్?" అని అడిగాడు.