మూడోసారి కాలిన ఫ్యాను

"మూడోసారిరా ఈ ఫ్యాను కాలిపోయేది! చేతకాకపోతే గొడ్లు కాసుకో పో, జీవానందం!" పద్మనాభయ్య గారు బుచ్చిరెడ్డిపాలెం బజారంతా వినేట్టు అరిచారు.

పళ్లు బిగబట్టి వాళ్లింటి వసారాలో నిచ్చెనెక్కి ఫ్యాను దించాను. మూత విప్పగానే పసుపు నీళ్లు నా అరచేతుల్లోకి కారాయి. నిన్ననే నేను కొత్త తీగ చుట్టిన కాయిలు మాడి నల్లబడింది.

"కరెంటు ఫ్యానుకు నీళ్లెవరు పోసినారయ్యా?"

ఆయన గొంతు తగ్గింది. "నువ్వు తాకినావని మా అమ్మ శుద్ధి చేయించిందిలే. ప్రతిసారీ చేయించేదే."

ఒళ్లు మండిపోయింది. ఫ్యానును ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. "ఇంక నన్ను పిలవబాకండి. ఆ అమ్మనే నిచ్చెనెక్కమనండి."

దండెం మీద ఆవిడ మడిచీర ఆరుతోంది. పసుపంటిన నా చేతులు రెండూ దానికి శుభ్రంగా తుడుచుకుని బయటికి నడిచాను.