గీత దాటిన తాయారు

అడవి అంచున ఇసుక మైదానంలో కుందేళ్లకీ ముంగిసలకీ కబడ్డీ పోటీ జరుగుతోంది. తాయారనే ముసలి కుందేలు గట్టు మీద కూర్చుని తనవాళ్ల కోసం గొంతు చించుకుని అరుస్తోంది.

సగం ఆట అయ్యేసరికి ముంగిసలు బాగా వెనకబడ్డాయి. ఆ తరవాత కూతకొచ్చిన కుందేలును పట్టుకోవడానికి ఒక్కటీ కాలు కదపలేదు.

"ఎలాగూ ఓడిపోతాం. ఒళ్లు హూనం చేసుకోవడం ఎందుకు?" అన్నాడు ముంగిసల నాయకుడు.

తాయారుకు ఒళ్లు మండింది. "ఛీ! మావాళ్లకు గెలుపు ముష్టి వేస్తారా?" అంటూ గట్టు దూకి, గీత దాటి, ముంగిసల వైపు నిలబడింది.

కూతకొచ్చిన కుందేలు బిత్తరపోయింది. "అత్తా, నువ్వు మన జట్టు కదా!"

"అందుకే వచ్చాను. చేతనైతే తప్పించుకో!" అని తాయారు దాని కాలు పట్టుకుంది. ఈడ్చుకుపోతున్నా వదల్లేదు. అది చూసి ముంగిసలకు సిగ్గేసింది. ముందు నాయకుడు, వెనకే మిగతావన్నీ వచ్చి మీద పడ్డాయి. కుందేలు గీత అందుకోలేకపోయింది.

అక్కణ్ణించి ఆట ఆటలా సాగింది. చివరికి కుందేళ్లే గెలిచాయి, కానీ వాటిలో ఒక్కదానికీ నిలబడే ఓపిక మిగల్లేదు.

"ఇదీ గెలుపంటే!" అంది తాయారు, మూతి మీద దుమ్ము తుడుచుకుంటూ.

ముంగిసల నాయకుడు రొప్పుతూ లేచాడు. "రేపు మళ్లీ ఆడదాం. నువ్వు మాత్రం మావైపు రాకు. మేం చాలు."