గురమ్మవ్వ పులివెందుల ప్రయాణం

"నేను పులివెందులకు పోతాండా. ఎవురు అడ్డమొస్తారో రాండి" అంటూ గురమ్మవ్వ గుడ్డసంచి చంకన పెట్టుకుని ఆఫీసు గడపలో నిలబడింది.

జమ్మలమడుగు సర్కారు నూనెమిల్లు ఆఫీసంతా లేచి అడ్డమొచ్చింది. అంతా అంటే పదకొండుమంది.

మేనేజరు అరుణకుమారి అందరికంటే ముందు ఉరికింది. మే నెల ఎండ, ఎనభై దాటిన ప్రాణం, ముద్దనూరులో బస్సు మారాలి. చాలదన్నట్టు లోపల విజయవాడ నుంచి వచ్చిన తనిఖీ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు.

"ఈ ఎండలో యాడికి పోతావవ్వా? బీపీ మాత్ర మింగినావా?" అంది అరుణకుమారి, చెయ్యి పట్టుకుని.

"మింగినా. మీరు మింగమంటే మింగినా, ఉప్పు మానమంటే మానినా. జలుబు చేస్తే మిషన్ ఆస్పత్రిలో పండబెడితిరి, పండుకున్యా. నా చెల్లెలికి కండ్లు పోయినాయి తల్లీ. అది రాలేకపోతాంది, నేనే పోవల్ల. రెండేండ్ల నుంచి ఎండన్నారు, వానన్నారు, సలన్నారు. ఇంగ ఏ కాలంలో పంపిస్తారు?"

ఆ గొడవకు తనిఖీ ఆఫీసరు వినోద్ కుమార్ బయటికొచ్చాడు. పుట్టింది ప్రొద్దుటూరులోనే. విజయవాడలో ఖర్చు తగ్గింపు విభాగంలో చేరినప్పటి నుంచి మాత్రం యాసకు ఇస్త్రీ చేయించుకుని మాట్లాడుతున్నాడు.

"ఎవరీవిడ?"

"మా పింఛనుదారు సార్," అంది అరుణకుమారి. "ఈమె మొగుడు మిల్లులో బాయిలరు కాడ పనిచేసినాడు."

"ఒక్క పింఛనుదారు వస్తే ఇంతమంది లేవాలా? మిగతా పింఛనుదార్లు ఏరి?"

"మిగతావాళ్లు ల్యారు సార్. అందరూ పోయినారు. ఈమొక్కతే."

వినోద్ కుమార్ పదకొండుమందినీ వరసగా చూశాడు.

"మిల్లు?"

"ఎప్పుడో మూసేసినారు సార్. పింఛన్లు ఇచ్చేదానికని ఈ ఆఫీసు పెట్టినారు."

"ఇతనెవరు?"

"డ్రైవరు కమాల్ బాషా సార్."

"జీపేది?"

"జీపును వేలమేసినారు సార్. డ్రైవరును వేసేదానికి ఇంకా ఆర్డరు రాల్యా."

కమాల్ బాషా వినయంగా నమస్కారం పెట్టాడు.

"అయితే ఈవిడ కూడా పోతే?"

గురమ్మవ్వ నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడ్డ అటెండరు పాలయ్య "అట్లా అనగాకండి సార్" అన్నాడు.

"ఈమె పోతే ఆఫీసు మూత సార్," అంది అరుణకుమారి. "మేమంతా ఇంటికే."

అందుకే గురమ్మవ్వకు కలెక్టరుకు కూడా జరగని సేవ జరుగుతోంది. పొద్దున్నే పాలయ్య నీళ్లు తెచ్చిపెడతాడు. టైపిస్టు వనజ ఉప్పులేని పప్పు వండిస్తుంది. శుక్రవారం కమాల్ బాషా దువాలోనూ, ఆదివారం చర్చిలో అరుణకుమారి ప్రార్థనలోనూ మొదటి పేరు గురమ్మవ్వదే. కన్నతల్లి మంచాన పడ్డప్పుడు కూడా అరుణకుమారి ఇంత మనసుపెట్టి ప్రార్థన చేయలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు సిగ్గేసేది. సిగ్గుపడుతూనే చేసేది.

వినోద్ కుమార్ ముఖం జేవురించింది.

"జీతాల కోసం ఒక ముసలమ్మను జైల్లో పెడతారా? సొంత చెల్లెలి దగ్గరికి వెళ్లడానికి ఆవిడకు మీ పర్మిషనా? పాలయ్యా, ఆటో పిలువు."

"సార్, వడదెబ్బ తగిలితే..." అంది అరుణకుమారి.

"తగిలితే తగులుతుంది. ఎప్పటికైనా పోని ప్రాణం ఉంటుందా? మిమ్మల్ని ఇంకెంతకాలం మోయాలమ్మా ప్రభుత్వం? ఈ సాయంత్రమే రిపోర్టు రాస్తున్నాను. ఆవిణ్ణి ఆవిడ ఇష్టానికి వదిలేయండి. తిననివ్వండి, తిరగనివ్వండి. మనిషికి స్వేచ్ఛ అనేది ఒకటుంటుంది."

గురమ్మవ్వ కండ్లు తడిశాయి. ఆయన గడ్డం పట్టుకుని, "సల్లగుండు నాయనా. ఈ ఆఫీసుకు ఒక మనిషి వచ్చినాడు ఇన్నాళ్లకు" అంది.

ఆటో వచ్చింది. పాలయ్య ఏడుపుముఖంతో సంచి లోపల పెట్టాడు. గురమ్మవ్వ ఎక్కి కూర్చుంది, పెండ్లికి పోతున్నంత సంబరంగా. అరుణకుమారి వసారాలో స్తంభం పట్టుకుని నిలబడింది. ఆమెకు ఏడుపొస్తోంది. అవ్వ కోసమో తన కోసమో ఆమెకే తెలియడం లేదు.

అప్పుడే వినోద్ కుమార్ ఫోను మోగింది.

"చెప్పండి సార్... ఆఁ, చూశాను సార్, దారుణంగా ఉంది. పదకొండుమందీ దండగే... ఏమిటి సార్?... మన విభాగాన్నా?... మనమే ఎక్కువయ్యామనా సార్?"

ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఎవరు ఎక్కడ తనిఖీలో ఉంటే అక్కడికేనా?... అంటే నేను ఈ ఆఫీసుకే స్పెషలాఫీసరునా?... ఎప్పటివరకు సార్?... మూసేవరకు. సరే సార్. మూసేశాక?... ఇంటికేనా సార్?"

బయట ఆటో స్టార్టయింది.

వినోద్ కుమార్ చెప్పులు కూడా వేసుకోకుండా, కాలిపోయే మట్టిలో పరుగెత్తి, ఆటోకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"దిగవ్వా," అన్నాడు. "నాకింకా తొమ్మిదేండ్ల సర్వీసుండాది."