ఎలుకల సంగతి

"అమ్మా, ఆ కాగితం ఒకసారి ఇస్తావా?"

రూతమ్మకు ఒళ్లు మండింది.

మార్కాపురం ఆస్పత్రిలో ఓపీ లైను గంట నుంచి కదలడం లేదు. పక్కన భర్త నిత్యానందం గోడకు ఆనుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నాడు. ఇరవై రెండేళ్లు పలకల క్వారీలో రాయి కోసిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడింది. ఇది తగ్గే జబ్బు కాదని డాక్టరమ్మ ఝాన్సీ ఎప్పుడో చెప్పేసింది.

ఇప్పుడు కాగితం అడుగుతూ ఈ ముసలాయన ఒకడు. ఆయనా రోగే. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. అయినా మాట్లాడటం మానడు.

విసుగ్గా కాగితం చేతిలో పెట్టింది.

స్టెమ్ సెల్, అంటే మూలకణాల సూది వేస్తే పాడైన ఊపిరితిత్తులు మళ్లీ కొత్తవవుతాయని అందులో ఉంది. పట్నంలో ఎవరో ప్రైవేటు క్లినిక్ పెట్టి ఊరూరా పంచిన కాగితమది. పదకొండింటికి వాళ్ల వ్యాను బస్టాండుకు వస్తుంది. ఇక్కడ పాత రిపోర్టులు తీసుకుని అందులో ఎక్కాలి.

ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇది ఎలుకల సంగతమ్మా. మనుషులది కాదు."

ఎలుకల ఊపిరితిత్తులు పాడుచేసి ఆ కణాలు ఎక్కిస్తే కొన్ని కోలుకున్నాయట. కొన్ని కోలుకోలేదట. మనిషికి పనిచేస్తుందని ఇంకా తేలలేదట.

"నువ్వు డాక్టరువా?" అంది రూతమ్మ.

"కాదమ్మా."

"మరి నీకెట్ల తెలుసు?"

"ఆ ఎలుకలను చూసినా."

ఆమె మొహం తిప్పుకుంది. రిపోర్టులు చేతికి రాగానే భర్తను ఆటో ఎక్కించింది.

బస్టాండులో వ్యాను దగ్గర చూస్తే ఆ ముసలాయన అప్పటికే ఇంకో ఆటోలో వచ్చి ఉన్నాడు.

ఏజెంటును పట్టుకుని ఆ కణాలు ఎక్కడివి, సూది ఎవరు వేస్తారు అని ఆరా తీస్తున్నాడు. చివరికి, ఈ సూదితో బాగైన మనిషి పేరు ఒక్కటి చెప్పమన్నాడు.

ఏజెంటు టైమైపోయిందంటూ డ్రైవరును తొందరపెట్టాడు. లోపల కూర్చున్న రోగులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పామూరు నుంచి వచ్చిన ఒకాయన దిగబోతుంటే ఏజెంటు తలుపు మూసేశాడు. రూతమ్మ మొగుణ్ణి నడిపించుకొచ్చేలోపే వ్యాను కదిలిపోయింది.

రూతమ్మ అక్కడే నిలబడి ఆయన్ని కడిగేసింది.

"నీకేం చెడుపు చేసినాం? ఒక్క దారి కనిపిస్తే దానికి అడ్డం పడితివి. నువ్వు చస్తా మా ఆయన్నీ చంపుతావా?"

ఆయన మళ్లీ దుమ్ములోకి పోవద్దని, మందు మానొద్దని నిత్యానందానికి చెప్పి, పది అడుగులకోసారి ఆగుతూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం ఓపీలో వీళ్ల కోసం బెంచీ మీద చోటు ఆపి ఉంచేవాడు. నిత్యానందం వెళ్లి కూర్చుని కబుర్లు చెప్పేవాడు. రూతమ్మ మాత్రం నిలబడే ఉండేది. ఆ మనిషిని చూస్తేనే ఆమెకు చిరాకు.

మూడో నెలలో కబురు తెలిసింది. వ్యానులో వెళ్లిన పామూరు ఆయన సూది వేసిన వారానికే జ్వరం ముదిరి చనిపోయాడు. క్లినిక్‌కు తాళం పడింది.

నిత్యానందానికి తగ్గలేదు. అట్లని ముదరనూ లేదు. పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి వస్తున్నాడు.

తర్వాతి మంగళవారం రూతమ్మ నాలుగు బత్తాయిలు కొని సంచిలో పెట్టుకుని వచ్చింది. బెంచీ మీద ఆయన లేడు. పై వారమూ రాలేదు.

లోపలికి వెళ్లి ఝాన్సీని అడిగింది.

"రమణ సారా? పోయి పది రోజులైందమ్మా."

రూతమ్మ స్టూలు మీద కూర్చుని బస్టాండులో తానన్న మాటలన్నీ తానే చెప్పుకుంది. అన్ని మాటలు పడి కూడా తమ కోసం ఎందుకు అంత పాకులాడాడో అర్థం కాలేదంది.

ఝాన్సీ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"తన ల్యాబులో ఆ కణాలెక్కించి ఎలుకలను బతికించింది ఆయనేనమ్మా, తనకూ వేస్తామని శిష్యులు ఎంత బతిమాలినా, మనుషులకు మంచిదో కాదో తేలకుండా వద్దని అట్లనే పోయినారు."