ఏకాదశి నీళ్ళు

గుళ్ళో నేను చేసే ఏకాదశి పారాయణానికి కోటమ్మ రాలేదు. రేవు చివర పాకలో ఒక్కతే ఉండి ఎండుచేపలు అమ్ముకునే మనిషి, ఎన్నడూ మానదు. గ్రంథం చంకన పెట్టుకుని వెళ్ళాను.

గుమ్మంలోనే పడి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. చేతిమీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. కలరాయే! 108కి ఫోన్ చేసి, ఎండలకని నా సంచిలో ఉంచుకునే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చించి లీటరు మంచినీళ్ళలో కలిపాను.

“ఇవాళ నీళ్ళు కూడా ముట్టకూడదని మైకులో గొంతు చించుకుంది మీరేగా సామీ!”

“పోయే ప్రాణాన్ని ఎండబెట్టమని ఏ శాస్త్రమూ చెప్పదు. పాపముంటే నాకు చుట్టుకోనీ. తాగమ్మా!”

అంబులెన్స్ వచ్చేదాకా గుక్కగుక్కగా తాగించాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఆమె తనంతట తాను తాగేది కాదు. నేను వెళ్ళి కలిపి ఇస్తేనే గ్లాసు ముట్టేది. రోజూ తిడుతూనే కలిపిచ్చేవాణ్ణి.

నిన్న అడిగేశాను. “నీకు తగ్గిపోయిందనీ, ఇవి ఇంక అక్కర్లేదనీ ఆసుపత్రి నర్సమ్మ చెప్పలేదూ?”

కోటమ్మ తల దించుకుంది. “చెప్పింది సామీ. మీకు తెలిస్తే రావడం మానేస్తారని...”

ఆ మాట నర్సమ్మ నాకు ఎప్పుడో చెప్పింది.

ఇంకో ప్యాకెట్ చించాను.